వీపు ఆనే కుర్చీ

"తల ఎత్తి కూర్చోమంటే నీకు కాదా చెప్పేది?" అన్నాడు సూపర్‌వైజర్.

కుట్టుమిషన్ ముందున్న మనిషికి నిజంగానే అయోమయంగా ఉంది. నిన్నటిదాకా తల ఎత్తితే పని ఎగ్గొడుతున్నావని కసిరిన నోరే అది. ఎత్తుపీట మీద వంగి చొక్కా కాలర్లు కుట్టీ కుట్టీ అతని మెడ ముందుకు సాగిపోయింది. షెడ్డులో అందరూ అతన్ని కొంగన్న అనే పిలుస్తారు.

ఆ పొద్దున పీటలన్నీ మాయమై, వీపు ఆనించుకునే కుర్చీలు దిగాయి. గోడ నిండా మెడ వ్యాయామాల బొమ్మలు అంటించారు. చొక్కాలు కొనే కంపెనీ తరఫున తనిఖీకి వస్తున్నారట. పనివాళ్లను ఎలా చూసుకుంటున్నారో అడిగి తెలుసుకుంటారట. కుర్చీలు రెండేళ్ల నుంచీ ఉన్నాయనీ, రోజూ రెండుసార్లు వ్యాయామం చేయిస్తారనీ చెప్పాలని సూపర్‌వైజర్ ఒక్కొక్కరి చేతా ఎక్కాల్లాగా అప్పజెప్పించుకున్నాడు.

"కొత్త పెళ్లికొడుకులా ఉన్నావు కొంగన్నా" అంది పక్క మిషన్ మీద చేతిపట్టీలు కుట్టే ఆమె. "మరీ అలవాటు పడకు. సాయంత్రానికి వీటిని లారీ ఎక్కిస్తారు."

ఫిజియోథెరపీ అమ్మాయి ఒకతె వచ్చి అందరికీ వ్యాయామాలు నేర్పింది. గడ్డం లోపలికి లాగి అయిదు లెక్కపెట్టాలి. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతిని నెట్టాలి. భుజాలు వెనక్కి విరిచి నిలపాలి. అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటూ చేశారు. కొంగన్న నవ్వలేదు. మూడోసారి గడ్డం లాగేసరికి మెడ వెనక బిగుసుకుపోయిందేదో కాస్త వదులైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అందరూ మిషన్ల దగ్గరికి వెళ్లాక ఆ అమ్మాయికి తన కుడిచెయ్యి చూపించాడు. చివరి రెండు వేళ్లకూ స్పర్శ లేదు. మొన్న సూది వేల్లో దిగితే, కాలరుకు నెత్తురంటాక గానీ తెలియలేదు. ఆమె అతని మెడ నొక్కి చూసింది. ఆ తర్వాత, రోజూ ఈ వ్యాయామాలు చేస్తూ ఇలాంటి కుర్చీలో నిటారుగా కూర్చుంటే తగ్గే దారి ఉందని చెప్పింది. మళ్లీ పీట మీద వంగితే మాత్రం కొన్నాళ్లకు కత్తెర పట్టుకోవడం కూడా కష్టమంది.

ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చేత్తోనే.

"వ్యాయామం ఇంటి దగ్గర చేసుకుంటాను. కుర్చీ ఎక్కణ్ణుంచి తేను తల్లీ?" అన్నాడు. సొంతంగా కొనుక్కున్నా లోపలికి రానివ్వరు. వీపు ఆనితే నిద్ర ముంచుకొస్తుందని ఓనర్ నమ్మకం. ఆ అమ్మాయి సంచీ సర్దుకుంది.

మధ్యాహ్నం తనిఖీ సారు వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో ఫైలు, మెత్తని మాట. గుండీలు దాచే గదిలోకి ఒక్కొక్కరినే పిలిచాడు. వెనకే రాబోయిన సూపర్‌వైజర్‌ని గుమ్మం దగ్గరే ఆపి తలుపు వేశాడు. ఎవరి పేరూ రాయనని చెప్పి, మీ మెడ ఎలా ఉందని అడిగాడు. ఆ షెడ్డులో ఇన్నాళ్లకు ఆ మాట అడిగిన పెద్దమనిషి ఆయనొక్కడే.

కొంగన్న పాఠం మొదలుపెట్టాడు. కుర్చీలు రెండేళ్ల నుంచీ అనేదాకా వచ్చి ఆగిపోయాడు.

సారు కలం మూతపెట్టి పక్కన పెట్టాడు. "నాకూ ఉందయ్యా మెడనొప్పి. పొద్దున లేస్తే పక్కకు తిరగలేను. ఉన్నదేదో చెప్పు. భయపడకు."

ఇక ఆగలేదు. పీటల సంగతి, జిగురైనా ఆరని బొమ్మల సంగతి, మొద్దుబారిన వేళ్లు, నెత్తురంటిన కాలరు, అన్నీ కక్కేశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"నేను చెప్పానని అనకండి సార్. కుర్చీలు మాత్రం తియ్యనివ్వకండి."

సారు కలం తీసి అంతా రాసుకున్నాడు. కొంగన్న లేచి బయటికి వెళ్తుంటే భుజం తట్టాడు.

పొద్దు వాలేదాకా కొంగన్న నిటారుగా కూర్చుని కుట్టాడు. మధ్యమధ్య గడ్డం లోపలికి లాగి అయిదు లెక్కపెట్టుకున్నాడు. లోపల ఏం వాగి వచ్చావని పక్కామె గుచ్చిగుచ్చి అడిగింది. ఈ సాయంత్రం లారీ రాదులే అని మాత్రం అన్నాడు. నిజంగానే రాలేదు. పని దిగే వేళకు కుర్చీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోతూపోతూ తన కుర్చీ వీపును ఒకసారి నిమిరాడు.

గేటు దగ్గర సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. కొంగన్న గుర్తింపు కార్డు, కత్తెర తీసుకుని, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. మొహంలోకి చూడలేదు.

కొంగన్న ఆఫీసు గది వైపు చెయ్యి చూపించాడు. "తనిఖీ సారు ఇంకా లోపలే ఉన్నారు. పేరు రాయనని మాటిచ్చారు. వెళ్లి ఆయన్నే అడుగుతాను."

"ఆయన్ని డబ్బులిచ్చి పిలిపించింది మన ఓనరే" అన్నాడు సూపర్‌వైజర్. "అసలు తనిఖీ సోమవారం. ఇవాళ్టిది, ఎవరు నోరు విప్పుతారో తెలుసుకోవడానికి."