సోడాకొట్టు అరుగు

సముద్రం మింగేసిన ఊళ్లను ఇప్పుడు కంప్యూటర్లో మళ్లీ కడుతున్నారు; ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని వాటిలో తిరగొచ్చు. మా కోనపాలేన్ని కూడా అలా కడుతున్నారు. అందులో ఏది నిలవాలన్నా ఊరివాళ్లు ఇద్దరు తమకు గుర్తుందని చెప్పాలి. ఈ సాయంత్రంతో గడువు ఆఖరు.

"సోడాకొట్టు అరుగు," అన్నాను. నోరు జారకూడదనుకుంటూనే వచ్చాను.

"అది ఇంకెవరూ చెప్పలేదండి. మీరక్కడ ఏం చేసేవారు, రత్నంగారూ?" అని అడిగింది నమోదు చేసే అమ్మాయి.

పక్కనే మా ఆయన పైడిరాజు ఉన్నాడు. పెళ్లికి ముందు ఆ అరుగు మీద నేను ఎదురుచూసింది వేరొకరి కోసం. నలభై ఏళ్లుగా ఆ మాట దాచాను.

"కూర్చునేదాన్ని."

"ఒక్కరేనా?"

లేచి వెళ్లిపోదామని సంచీ అందుకున్నాను. ఆ అమ్మాయి వేలు చెరిపేసే మీట మీదికి వెళ్లింది.

"ఉంచమ్మా, నాకూ గురుతే," అన్నాడు పైడిరాజు. "ఎడం మూల పెచ్చులూడిపోయుండీది. మా రత్నం అక్కడే కూకునీది. ఎదురుగా ఆరేసిన వలల ఎనకాల నిలబడి రోజూ సూసీవోడ్ని."

నా వైపు చూడకుండానే, "ఆ వలల దండెం కూడా ఎక్కించమ్మా," అన్నాడు.

"దానికీ రెండో సాక్షి కావాలండి."

ఆ రోజుల్లో నేనెప్పుడూ అటు చూడలేదు.

"నాకు గుర్తుంది," అన్నాను.