మోరీ ఏడికి పోతది?

“ఫీజు సంగతి ఎనుక మాట్లాడుదం. మీ ల్యాబ్ మురికినీళ్ల మోరీ ఏడికి పోతది? ముందుగాల గది చెప్పు!”

గాలయ్య బల్ల గుద్దాడు. యూనివర్సిటీ అడ్మిషన్ల గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, ఆయన కోపం తప్ప అన్నీ గడ్డకట్టాయి.

బల్లకు అవతల హేమచంద్ నవ్వు చెదరలేదు. ఆయనకు జీతమిచ్చేది ఆ నవ్వుకే.

“అంకుల్, అందరు ప్లేస్‌మెంట్లు అడుగుతరు. మోరీ చూసి సీటు తీసుకునేటోళ్లను ఇయ్యాలనే చూస్తున్న.”

“నాయినా, జర ఊకో,” అంది భవాని. పొద్దున తల్లి సాలమ్మ నవ్వుకుంటూ వేసిన రెండు జడలూ ముందుకేసుకుని, తలొంచుకుని కూర్చుంది. “మా నాయినకు కెమికల్ కోర్సు అంటెనే మంట సార్. మా చెరువుల శాపలన్ని సచ్చిపోయినయి.”

హేమచంద్ ఏ చెరువని అడగలేదు. అది ఫారంలో లేని ప్రశ్న.

శామీర్‌పేట రోడ్డు పక్క చెరువులో నెల కిందట రవ్వ, బొచ్చె చేపలు వెల్లకిలా తేలాయి. ఎన్ని తేలాయంటే, కొంగలు కూడా చాలని మొహం తిప్పుకున్నాయి. వల మీద బతికే నలభై ఇళ్లలో పొయ్యిలు చల్లబడ్డాయి. విషం ఎవరు వదిలారని గాలయ్య ఎక్కని గడప లేదు. ప్రతిచోటా ఒకటే మాట: “రుజువేది?”

“ఎండకు సచ్చుంటయ్ అంకుల్,” అన్నాడు హేమచంద్.

“శ్రావణంల ఎండనా?” గాలయ్య లేచాడు. “నడువ్ బిడ్డా. గీడ గూడ ఒద్దు.”

ఈ వారంలో ఆ చెరువు చుట్టుపక్కల తండ్రీకూతుళ్లు చూసిన నాలుగో కాలేజీ ఇది. సీటు చేజారుతోందని హేమచంద్ కుర్చీ వదిలి అడ్డమొచ్చాడు.

“సార్,” అంది భవాని మెల్లగా, “ల్యాబ్‌ల మిగిలిన యాసిడ్లు పిల్లలే మోసుకపోయి పారబొయ్యాల్నా? మా అవ్వ సాలమ్మకు గదే భయం. చేతులు కాలుతయంటది.”

“ఛ! మా పిల్లలతోని అసొంటి పని చేయిస్తమా? రా, చూపిస్త. వీడియో తీసి మీ అవ్వకు పెట్టు.”

ల్యాబ్ వెనక నల్లటి పైపొకటి ప్రహరీ గోడ కింద దూరి పోతోంది. అతుకు దగ్గర పచ్చగా కారుతోంది. భవాని ఫోన్ పైకెత్తింది. హేమచంద్ జుట్టు సర్దుకున్నాడు.

“అవ్వా, బేఫికర్ ఉండు! కెమికల్స్ అన్ని గీ పైపులకెళ్లి సీదా ఎనుక చెరువులకే పోతయి. పిల్లల చేతికి ఒక్క సుక్క అంటదు.”

గాలయ్య గోడ అవతలికి చెయ్యి చూపించాడు. “మరి గా చెరువుల దిగెటోళ్ల చేతులో?”

“వాళ్లు మన స్టూడెంట్స్ కాదు గద అంకుల్.”

భవాని ఫోన్ తండ్రికిచ్చి, సంచిలోంచి ఖాళీ సీసా తీసి అతుకు కింద పట్టింది.

“ఏయ్, తాగకు! సస్తవ్!” అరిచాడు హేమచంద్.

“తాగ సార్.” మూత బిగించి, సీసా మీద తేదీ, టైమూ రాసి సంచిలో పెట్టుకుంది. గాలయ్య చేతిలో వీడియో ఇంకా నడుస్తూనే ఉంది.

హేమచంద్ నవ్వు మళ్లీ మొహానికి తగిలించుకున్నాడు. “ఇగ సీటు ఖాయమే గద? ఇంటర్ మెమో ఇయ్యి, ఫారం నింపుత.”

“తేలే సార్. అదేడుందో ఎతకాలె.”

భవాని కెమికల్ ఇంజనీరింగ్ పాసై మూడేళ్లయింది.