గోనెపట్ట చాటు పని

"థూ! యెవురమ్మా దీన్ని ముట్టుకున్న ఎదవ?"

పొలం దున్నే టిల్లర్ గేరుబాక్సు మూత తీసీ తీయగానే మెకానిక్ ఓబిలేష్ ముక్కు మూసుకున్నాడు. లోపల ఆయిల్ జాడే లేదు. నీళ్లూ ఎర్రమట్టీ కలిసి, విరిగిన పాలలాంటి జిగురు. ఒకటే కంపు! అసలే ఎదుటి అంగడి షట్టరుకు తెల్లారకముందే ఎవరో నీలం రంగు పూసిపోయారు. ఏడాదిగా మూతబడిన అంగడి అది. ఆ రంగు వాసనకే అతనికి తల తిరుగుతోంది.

"కొత్తగా ఈ ఊరికి వచ్చినామన్నా. పేరు రూతు," అందామె. గేరుబాక్సును తానే మోసుకొచ్చింది. విప్పిన నట్లను వరస తప్పకుండా తీగకు గుచ్చి తెచ్చింది. "రేపు పొద్దునకి బండి తిరగాలన్నా. లేకుంటే నా పరువు పోతాది."

మొన్ననే వాన పడింది. పదును ఆరేలోపు దున్నాలని బెళుగుప్ప చుట్టుపక్కల అందరిదీ అదే తొందర.

ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు మార్చేటప్పుడు ఓబిలేష్ గోనెపట్ట దించుకుని చాటున కూర్చుంటాడు. ఊరికే కాదు. భరత్ అనేవాడు ఆరు నెలలు పక్కనే ఉండి పని నేర్చి, కళ్యాణదుర్గంలో అంగడి పెట్టి సగం గిరాకీ లాక్కుపోయాడు. ఇక ఎవరికీ ఒక్క ముక్క చెప్పనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. మిగిలిన సగమూ పోతే పెళ్లాంబిడ్డలు మన్ను తినాలి మరి.

కానీ అంత అసహ్యం ముందు ఒట్టు ఎంతసేపు నిలుస్తుంది? పట్ట దించడమే మరిచిపోయాడు.

"సూడమ్మా, సూడు! సీలు తిరగేసి కొట్టినాడు. స్ప్రింగుండే మొగం ఆయిల్ పక్కకుండాల. షాఫ్టు గాడికి టేపన్నా చుట్టలేదు, రబ్బరు కోసకపోయింది. టేపు చుట్టి, గ్రీజు పూసి, మెల్లిగా ఎక్కియ్యాలని తెలీదా?"

"మరి ఈ బేరింగన్నా?"

"దాన్ని సుత్తితో మొత్తినాడు! గూట్లోకి దించేటప్పుడు పైపు పెట్టి బయటి రింగు మీదే కొట్టాల. లోపలి రింగు మీద కొడితే గుండ్లు సొట్టపోవా? మనిసా వాడు, గొడ్డా?"

రూతు తల దించుకుంది. పాపం, మొగుడి నిర్వాకం కాబోలు అనుకున్నాడు ఓబిలేష్. అయినా నోరు ఆగితేగా!

"ఫోన్లో సూసి నేర్సుకున్న మొగం! కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే."

"నిజమేన్నా," అంది మెల్లగా. "ఎన్ని సీళ్లేసినా వారానికే కారిపోతాండాది. ఎందుకన్నా?"

అది అసలు గుట్టు. భరత్‌కి కూడా చెప్పనిది. ఓబిలేష్ పెదవి బిగించాడు. అంతలో గేరుబాక్సు నెత్తిన ఉన్న సన్నటి రంధ్రం కంటబడింది. లోపలికి దుమ్ము పోతుందని దాన్ని మైనంతో మూసేశారు. ఈ ఎర్రదుమ్ముకు భయపడి ఇక్కడివాళ్లు చేసే పనే. ఒళ్లు భగ్గుమంది.

"ఓరి నీ తెలివి తగలెయ్య! ఇది దాని ఊపిరి బొక్క! మూస్తే లోపల వేడికి గాలి ఉబ్బి సీలునే బయటికి తన్నుతాది. కొత్త సీలేసి ఏం లాభం? ముందు దీన్ని తెరిసి, దుమ్ముకు పైన పల్చని గుడ్డ కట్టాల. అదీ పనంటే!"

రూతు ప్రతి మాటకూ తలూపింది.

సాయంత్రానికి గేరుబాక్సు సిద్ధమైంది. రూతు అతని గుడ్డపేలికతోనే చేతులు తుడుచుకుంది. గ్రీజు పోయింది కానీ గోళ్ల సందుల్లోని నీలం పోలేదు.

"ఇంతకీ ఆ గాడిద యెవురమ్మా? ఒకసారి నా ముందరికి తీసుకరా, మొగాన ఊస్తా," అన్నాడు ఓబిలేష్, ఇంకా కంపు వదలని చేతులు కడుక్కుంటూ.

"నేనే అన్నా, రేపట్నించి నీ ఎదుటి రిపేరంగడి నాదే."