రెండు సరేలు

నాయకులు మాట్లాడుకోవడం మానేసిన కాలం అది. నీళ్ళ ట్యాంకు దగ్గర కూడా రెండు పార్టీలవీ రెండు మాట్లాడే పెట్టెలు బిగించారు. నాయకుల గొంతులతో అవే వాదించుకునేవి. రెండూ "సరే" అంటేనే వాల్వు తాళం ఊడుతుంది.

అలా ఊడి వారం దాటింది. వాల్వు తిప్పే సన్యాసిరావు కూతురికి ఆవేళ పురిటి స్నానం. భార్య అప్పలనర్సమ్మ పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది.

"బిందెడు నీళ్ళు కూడా నేవు. బాలింతకి ఏటి పొయ్యమంటావు?"

"ఉండవే, అడుగుతున్నాను కదా," అని పెట్టెల వైపు తిరిగాడు. "బాబూ, ముందు ఏ వీధికి వదిలినా పరవానేదు. రాజీ పడండి."

"రాజీకి మేమెప్పుడూ సిద్ధమే. వాళ్ళనే ఒప్పుకోమను," అంది ఎడమ పెట్టె.

"ఆ మాట ముందన్నది మేము," అంది కుడి పెట్టె.

ముందెవరన్నారనే దాని మీదే మధ్యాహ్నమైంది.

సన్యాసిరావు తువ్వాలు దులిపి లేచాడు. "మీ ఇద్దరి మొహాలూ మండ! పసిగుడ్డుకి చెంబుడు నీళ్ళివ్వనేరు, మీకెందుకర్రా అధికారం?"

రెండింటినీ కలిపి తిట్టినవాడు అంతవరకూ లేడు.

"ఇతన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి," అంది ఎడమ పెట్టె.

"మాకూ అభ్యంతరం లేదు."

"అయితే సరే."

"సరే."

టక్కున తాళం ఊడింది. దేనికి సరే అన్నారో తాళానికేం తెలుసు? సన్యాసిరావు చక్రాన్ని చివరికంటా తిప్పి, గొట్టంలో నీళ్ళ చప్పుడు విన్నాక ఫోన్ తీశాడు.

"నీళ్ళొస్తన్నాయి, కాగు ఎక్కించు. నేనూ వచ్చేస్తన్నాను."

"ఇంత బేగినా? డూటీ నేదా?"

"ఇంక నేదు. నువ్వు ముందు పిల్లకి నీళ్ళు పొయ్."