రాజీ కూడు

“వద్దురా కోటేశ్వరా! నీ కాళ్లకు మొక్కుతా, సంపబాకరా వాడిని!”

గొర్రెల లారీ కటకటాల వెనక నుంచి శీనయ్య గొంతు చించుకుంటున్నాడు. తలుపుకు బయట తాళం. కింద సౌదీ ఇసుకలో అతని తమ్ముడు నరసింహ వెల్లకిలా పడి ఉన్నాడు. నీళ్ల డబ్బా ఒలకబోశాడట! అదీ వాడు చేసిన ఘోరం. డ్రైవరు కోటేశ్వర్ జాకీ రాడ్డును రెండు చేతులా ఎత్తి మోకాలి కింద దించాడు. ఎముక పటుక్కుమంది. నరసింహ పెట్టిన కేకకు గొర్రెలు బెదిరి ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. అది చాలదన్నట్టు ఆ దుర్మార్గుడు అదే కాలి మీద మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకు నరసింహ నోట మాట లేదు.

క్యాబిన్లోంచి సూపర్వైజరు దిగి, వాడిని బూటుతో కదిపి చూశాడు. మూతి విరిచి, వదిలెయ్యమన్నట్టు చెయ్యి విదిలించాడు. ఎమిరేట్సు చెక్‌పోస్టు జెండా కనిపిస్తూనే ఉంది. మనుషులున్న చోటికి అంత దగ్గరలో, తమ్ముణ్ణి రోడ్డు పక్కన పారేసి లారీ కదిలింది.

అన్నదమ్ములది సీతారామపురం. నడక వచ్చినప్పటి నుంచీ జీవాల వెంట తిరిగినవాళ్లు. కువైటులో తోటపని అని తీసుకుపోతే అక్కడా గొర్రెలే. రెండేళ్లయ్యాక యజమాని మందను ఒమాన్‌లో ఎవరికో అమ్మేశాడు. మందతో పాటు కాపరులనూ అమ్మేశాడు, పాపిష్టోడు! కువైటు నుంచి సౌదీ, సౌదీ నుంచి ఎమిరేట్సు, అక్కడి నుంచి ఒమాన్. మూడు సరిహద్దులు, నాలుగు రోజుల ఎడారి దారి. పాస్‌పోర్టులు సూపర్వైజరు జేబులో.

డ్రైవరు మన ఆత్మకూరువాడని తెలిసి ఇద్దరూ ఎంత సంబరపడ్డారో! మొదటి సరిహద్దు దగ్గర వాడే చల్లగా ఒక మాట చెవిన వేశాడు.

“ఆడికి పోయినోడు మళ్లీ మనిషి మొగం చూడడు శీనయ్యా. ఎట్టన్నా దారిలోనే తప్పించుకోవాల.”

“ఎట్ట తప్పించుకునేది? ఒంటికి పోయినా ఈ సూపర్వైజరు ఎనకే వస్తా ఉండాడే.”

కోటేశ్వర్ చూపు లారీ వెనక్కి మళ్లింది. సూపర్వైజరు అప్పుడే కాలు విరిగిన గొర్రెనొకదాన్ని కిందికి ఈడ్పించి చెక్‌పోస్టు దగ్గర వదిలేస్తున్నాడు. కుంటిది కొన్నవాడికి పనికిరాదట. దానికి నీళ్లు పెట్టబోయి నరసింహ చెంపదెబ్బ తిన్నాడు.

అంత చుట్టరికం ఒలకబోసినవాడు మర్నాడే రాడ్డు ఎత్తాడు! తర్వాత ఒకసారి కటకటాల్లోంచి రొట్టె అందిస్తూ, “శీనయ్యా, నా మాట ఒక్కటి ఇనుకో” అన్నాడు. శీనయ్య వాడి మొహాన ఖాండ్రించి ఉమ్మాడు. వాడు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలల తర్వాత శీనయ్య ఒమాన్ మంద దగ్గర నుంచి పారిపోయి, ఎంబసీ వాళ్ల కాళ్లూ వేళ్లూ పట్టుకుని ఇల్లు చేరాడు. తల్లి ఆదిశేషమ్మ ఏడ్చి ఏడ్చి చిన్నకొడుక్కి దినాలు పెట్టించింది. మరో రెండు నెలలకు బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. కోటేశ్వర్ నిన్ననే గల్ఫ్ నుంచి ఆత్మకూరు వచ్చాడు, ఆదివారం అన్నానికి రమ్మన్నాడు, నరసింహ సంగతి మాట్లాడాలట.

ఆ పల్లెల్లో చంపినవాడు చచ్చినవాడి ఇంటివాళ్లను కూటికి పిలిచాడంటే అర్థం ఒక్కటే, రాజీ. వేటపోతును కోసి, ఎదురెదురుగా కూర్చుని ఒక ముద్ద తింటే పగ తీరిపోయినట్టే.

“ముద్ద ముట్టబాక నాయనా,” అంది ఆదిశేషమ్మ. చూరులోంచి మచ్చుకత్తి తీసి, తువ్వాలులో తనే చుట్టి ఇచ్చింది. “నా కడుపుమంట సల్లార్చినాకే ఇంటికి రా.”

ఉదయగిరిలో బస్సు మారుతుంటే కొయ్యగరిటెల కొట్టాయన పలకరించాడు. “ఏంది శీనయ్యా, ఎక్కడికి?”

“ఆత్మకూరికి. కూటికి పిలిచినారులే.”

కోటేశ్వర్ వాకిట్లో వేట తోలు ఆరేసి ఉంది. మసాలా వాసన వీధి మలుపు దాకా వస్తోంది. శీనయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా తమ్ముడి ప్రాణం ఒక పూట కూరకు సరిపోయిందా!

“రా అన్నా, నీ కోసమే చూస్తా ఉండాం.” కోటేశ్వర్ భార్య విజయకుమారి నవ్వుతూ చెంబుతో నీళ్లిచ్చింది. శీనయ్య ఆ నీళ్లు వాకిట్లోనే ఒంపేశాడు.

కోటేశ్వర్ ఎదురొచ్చాడు. వాడి మొహంలోనూ నవ్వే!

“కూసో శీనయ్యా. ఎండన పడి వచ్చినావు.”

“నా తమ్ముడి కాలు ఇరగ్గొట్టిన చేత్తో నాకు వడ్డిస్తావా?”

“ఇరగ్గొట్టినా. కాదనను.” కోటేశ్వర్ కళ్లు దించుకున్నాడు. “ఆ పొద్దు ఇంకో దారి లేకపోయె.”

“దారి లేక సంపినావా?”

“అరవబాక, కూసో. నేను చెప్పేదాని కన్నా...” అంటూ లోపలి గది వైపు తిరిగాడు.

కత్తి కోసమే పోతున్నాడు అనుకున్నాడు శీనయ్య. తువ్వాలు జారిపడింది. మొదటి వేటు మెడ మీద పడింది. కోటేశ్వర్ గుమ్మం పట్టుకోబోయి బోర్లా పడ్డాడు. రెండో వేటు వీపున దిగింది. మూడోదానికి గోడంతా నెత్తురు చిమ్మింది. లోపలి వైపు చెయ్యి చాచి ఏదో చెప్పబోయి, మాట రాక అలాగే ఆగిపోయాడు.

“అమ్మా, తీరిందే నీ కడుపుమంట!” శీనయ్య ఇల్లు అదిరేలా అరిచాడు. విజయకుమారి గుండెలు బాదుకుంటూ మొగుడి మీద పడింది.

ఆ కేకలకు నిద్ర లేచి, లోపలి గదిలోంచి నరసింహ కుంటుకుంటూ బయటికొచ్చాడు.