జబ్బు మా ఆయనకి

“నాకు కాదమ్మా తల్లీ, జబ్బు మా ఆయనకి!”

ఆమె మంచం మీంచి లేవబోయింది. నర్సు భుజాలు పట్టుకుని మళ్లీ పడుకోబెట్టింది. చేతికున్న సూది కదలకుండా ఇంకో ప్లాస్టరు అంటించి, తన భాషలో గట్టిగా ఏదో అంది. గోడ గడియారంలో మధ్యాహ్నం మూడు. తలుపు తెరిచినప్పుడల్లా బయటి వడగాలి వార్డులోకి దూసుకొస్తోంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆమెకి తెలుసు. భాష రాక సైగలు చేసింది. మా ఆయన ఒళ్లు కాలిపోతోందని చెప్పడానికి తన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. అంతే, ఈ మహాతల్లులు ఆమెనే పట్టుకుని పడుకోబెట్టేశారు. ఊరుగాని ఊరు, దేశంగాని దేశం. ఎంత నోరున్న మనిషైనా ఇక్కడ మూగదే.

అదృష్టం కొద్దీ మన భాష మాట్లాడే మనిషి ఒకడు దొరికాడు. పక్క మంచం మీద ముసుగుతన్ని పడుకున్న రోగి తాలూకు కాబోలు, రెండు మంచాల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు. యాభై దాటినవాడు. తడిగుడ్డని అంచులు కలిసేలా పొందిగ్గా మడిచి, పాపం, ఈమె నుదుటి మీద వేస్తున్నాడు.

“అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి వీళ్లకి.”

అన్నయ్య అనేసరికి అతను ఉలిక్కిపడ్డాడు. చేతిలో గుడ్డ జారిపోయింది.

“నాకూ వీళ్ల భాష రాదు. నువ్వు కదలకు, సూది ఊడొస్తుంది.”

ముక్కూమొహం తెలియని ఆడమనిషిని నువ్వనడమేమిటని ఆమెకి చిరాకేసింది. కానీ అవసరం తనది, అలగడానికి వీల్లేదు.

“అయితే మీరే వెళ్లండి. ఈ వీధి చివర హోటలు, పద్నాలుగో నంబరు గది. మా ఆయన ఒక్కడే ఉన్నాడు. తలుపు దగ్గరికేసి వచ్చాను.”

“ఏమైంది ఆయనకి?” అన్నాడతను నెమ్మదిగా.

“పొద్దుట బస్సు దిగి హోటలు దొరక్క గంటన్నర నడిచాం. ఫ్యాను కింద నిలబడి చొక్కాలు కత్తిరించుకునే మనిషికి ఈ ఎండలేం అలవాటు? గదిలోకి రాగానే మంచానికి అడ్డంగా పడిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఏవేవో మాట్లాడుతున్నాడు. దగ్గరికెళ్తే నా మొహం చూసి ‘ఎవరండీ మీరు’ అన్నాడు! ఇరవై ఆరేళ్ల కాపురం అన్నయ్యగారూ. ఎవరండీ మీరట!”

అతను తల తిప్పేసుకున్నాడు. కాసేపు సెలైను సీసా వైపు, కాసేపు నర్సు వైపు చూశాడు. చూడ్డం తప్ప అతనికీ ఏమీ చేతకావడం లేదు.

“నీళ్లు తాగలేదేమో,” అన్నాడు చివరికి.

“తాగలేదా? నేనూరుకుంటానా! మా నాన్న కాంపౌండరు. అరగంటకోసారి బలవంతాన తాగించాను. టోపీ పెట్టించాను. కోసి అమ్మే పళ్లు ముట్టనివ్వలేదు. ఐసు వేసిన రసం చేతిలోంచి లాగేశాను. నా పోరు పడలేక, ‘నేను కట్టుకున్నది పెళ్లాన్నా, ఆసుపత్రినా’ అని దారంతా ఒకటే వేళాకోళం.”

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. పరాయివాళ్ల కష్టానికి ఇంతగా కరిగిపోయే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు!

“మరి నువ్వు తాగావా?”

“నేనా? భలేవారే. బాత్రూము ఎక్కడుందో తెలియని ఊళ్లో ఆడవాళ్లు నీళ్లు తాగుతారా? ఏదో పెదాలు తడుపుకున్నాను. ఆయన అడిగినప్పుడల్లా తాగానని చెప్పాను. నాకేంటండీ, గట్టి పిండాన్ని.”

అతను స్టూలు మీంచి లేచి గోడకేసి తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

“అక్కడ మా ఆయన ప్రాణం మీదికొస్తే ఇక్కడ మీరు ఏడుస్తారేంటి? వెళ్లలేనంటే చెప్పండి, నేనే పోతాను.”

ఆమె ప్లాస్టరు పీకేసింది. నర్సు అరుచుకుంటూ వచ్చింది. ఇద్దరు ఆయాలు చెరో పక్కా పట్టుకున్నారు. ఆమె కేకలకి వార్డంతా లేచి కూర్చుంది.

“వెళ్తున్నా, వెళ్తున్నా! నువ్వు పడుకో!” అంటూ అతను తలుపు దాటాడు.

అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

“ఎలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నాడు. లేచి కూర్చున్నాడు.”

“అప్పుడే వెళ్లొచ్చారా?”

“ఈ పక్కనేగా.”

“నాకోసం అడిగాడా?”

“ఆ ఒక్కటే అడుగుతున్నాడు.” అతను తడిగుడ్డ మళ్లీ మడిచి ఆమె నుదుటి మీద వేశాడు. “సూది పీక్కోవద్దన్నాడు. నువ్వు లేకపోతే బతకడం చేతకాదన్నాడు.”

“అది మాత్రం నిజం. తన తువ్వాలెక్కడుందో తనకే తెలియదు,” అంది ఆమె తృప్తిగా. మాట ముద్దగా వస్తోంది. “ఇప్పుడే బయలుదేరొద్దనండి. ఎండ చల్లబడ్డాక... టోపీ పెట్టుకుని... నెమ్మదిగా...”

కళ్లు మూతపడ్డాయి. తలాపున ఉన్న యంత్రం కీచుమంది. డాక్టరు పరుగున వచ్చి, ఆమె రెప్పలెత్తి చూసి, నర్సుని కేకేశాడు. చక్రాల మంచం తెచ్చారు. అందరూ ఎవరి పనిలో వాళ్లు పరుగెడుతుంటే, అతను దారికి అడ్డం రాకుండా గోడని ఆనుకుని నిలబడ్డాడు.

డాక్టరు ఒక కాగితమూ, ఫోనూ అతని ముందు పెట్టాడు. ఎక్కణ్ణుంచి పట్టుకున్నారో, ఫోనులో మన భాష తెలిసినాయన మాట్లాడుతున్నాడు.

“ఆవిడ పరిస్థితేం బాగా లేదటండీ. వడదెబ్బ మెదడుకెక్కిందట. వెంటనే లోపలికి తీసుకెళ్లాలట. ఆవిడ తరఫున ఎవరైనా సంతకం పెట్టాలి.”

“నేను పెడతాను.”

“ఎవరుపడితే వాళ్లు పెట్టకూడదట. మీరు ఆవిడకేమవుతారు?”

“భర్తని,” అన్నాడతను.