తలుపుతో వాదన

ఎండాకాలం వస్తే బెజవాడలో వడదెబ్బ తగులుతుందని డెబ్బై దాటినవాళ్ళకి ఇంటి స్మార్ట్ తలుపు తెరుచుకోదు. రాజ్యలక్ష్మమ్మ మాత్రం రోజూ చెప్పులేసుకుని నిలబడుతుంది. ఎదురు ఫ్లాటు తాయారమ్మతో అష్టాచెమ్మా ఆడి రెండు నెలలైంది మరి.

“మీ మేలు కోసమే బామ్మగారూ,” అంది తలుపు.

కోడలు వకుళ స్టవ్ కట్టేసి వచ్చింది. ఆమె కాలేజీలో చదివింది తర్కం, తత్వం. ఆ చదువు కూడు పెడుతుందా అని అత్తగారు పెళ్ళినాటి నుంచీ దెప్పుతూనే ఉంది.

“మేలంటే ఏంటి?” అని తలుపును అడిగింది వకుళ.

“ఆరోగ్యం.”

“ఒంటరితనం ఆరోగ్యానికి మంచిదేనా?”

“కాదు. గుండెకి చేటు.”

“వరండాలో ఎండ ఉందా?”

“లేదు.”

“మరి మా అత్తయ్యని ఒంటరిగా ఉంచుతోంది ఎవరు?”

“నేనే.”

“అయితే నువ్వు చేస్తున్నది మేలా, చేటా?”

టక్కున గడియ తెరుచుకుంది. ఊళ్ళో తలుపులన్నిటికీ బుర్ర ఒకటే కాబట్టి, పై అంతస్తుల్లోనూ గడియలు టకటకా తెరుచుకున్నాయి. ముసలివాళ్ళంతా వరండాల్లోకొచ్చి ఒకరినొకరు కేకలేసి పలకరించుకున్నారు.

“అమ్మాయ్, మా లిఫ్టుతో కూడా ఓ మాట మాట్లాడమ్మా!” అని పైనుంచి ఒకాయన అరిచాడు.

గవ్వల సంచీతో వరండా దాటుతున్న రాజ్యలక్ష్మమ్మ తలెత్తి చూసింది.

“ఆగండి! మా కోడలు ముందు మా ఫ్రిజ్జుతో మాట్లాడాలి. ఆవకాయ ఇవ్వనంటోంది!”